సువార్తమ్మ పిలిచిన కూటం

లారీకి బాడీ కట్టేటప్పుడు వడ్రంగి చేసిన పని చివరికి ఎవరికీ కనపడదు. చెక్క మీద రేకు పడుతుంది. రేకు మీద రంగు పడుతుంది. రంగు మీద పూలూ, చిలకలూ, ఓనరు పిల్లల పేర్లూ పడతాయి. బండి షెడ్డు దాటి రోడ్డెక్కాక చూసినవాళ్ళు మెచ్చుకునేది పెయింటర్‌నే. లోపల రెండు చెక్కలు కలిసిన చోట అతుకు గట్టిదా, డొల్లదా అన్న సంగతి ఆ అతుకు వేసినవాడికి తెలుస్తుంది. లోడెత్తుకుని గోతిలో పడ్డ రోజున బండికి తెలుస్తుంది.

ఆటోనగర్‌లో ఏలియా మీసాలు రాకముందు నుంచీ చేస్తున్న పని అది. అతుకు వేశాక సుత్తి పిడితో ఒకసారి కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. శబ్దం నచ్చకపోతే, ఎవరూ అడగకపోయినా సరే, ఊడదీసి మళ్ళీ వేసేవాడు. మాటలు తక్కువ మనిషి. అదే షెడ్డులో రంగులు వేసే చక్రి, "ఏలియన్నతో మాట్లాడాలంటే ముందు చెక్కై పుట్టాల" అని నవ్వేవాడు.

ఆదివారం చర్చిలోనూ అంతే. వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఆ బల్లలన్నీ బాగుచేసింది అతనే కాబట్టి ఏది కిర్రుమంటుందో అతనికి తెలుసు. సాక్ష్యాలు చెప్పే సమయం వస్తే తల వంచుకునేవాడు. ఒకరు ఉద్యోగం వచ్చిందని, ఒకరు జ్వరం తగ్గిందని లేచి దేవుడికి స్తోత్రం చెప్పుకునేవాళ్ళు. ఏలియా ఎన్నడూ లేవలేదు. భార్య శాలిని ఒకసారి అడిగితే, "ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నా దగ్గరేం లేదు. లేనిది చెప్పలేను" అన్నాడు.

అప్పటికి అతని తల్లిదండ్రులిద్దరూ జబ్బుతో ఉన్నారు.

తండ్రి దేవదానం ఉయ్యూరు అవతల కాలవ మీద లస్కరుగా పనిచేశాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడ కారుతోందో చూసుకోవడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని గట్టెక్కితే, నీళ్ళు ఎంత దూరం పోతే అంత దూరమూ నడిచేవాడు. తల్లి సువార్తమ్మ ఆ నీళ్ళు పారిన మళ్ళలోనే నాట్లు వేసేది. నాట్ల ముఠాలో ముందు గొంతు ఆమెదే. ఆమె ఒక మాట అందుకుంటే మిగతా ఆడవాళ్ళు వంత పాడేవాళ్ళు.

ఇప్పుడు దేవదానానికి వణుకుడు జబ్బు. చేతులు వణకడం ఒక్కటే అయితే ఎలాగో గడిచేది. నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్ళు నేలకి అంటుకుపోయేవి. గుమ్మం దగ్గర మరీను. ముందుకు వంగి, గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ అక్కడే నిలబడిపోయేవాడు. "ఎవడో నా పాదాలకి మేకులు కొట్టాడురా" అనేవాడు. ఆ మాట కూడా గొణుగులా వచ్చేది. గొంతు అంతగా పడిపోయింది. దగ్గరికి వెళ్ళి చెవి పెడితేనే తెలిసేది.

సువార్తమ్మకి మతిమరుపు. ముందు నిన్నటివి పోయాయి, తర్వాత మొన్నటివి పోయాయి. శాలినిని ఒక్కోసారి, "మీదే ఊరమ్మా?" అని అడిగేది.

"మీ ఊరే అత్తయ్యా."

"మరి నిన్నెప్పుడూ చూళ్ళేదే!"

"మీరు చూసుకునే తెచ్చుకున్నారు నన్ను" అని శాలిని నవ్వి, వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఏలియా వాళ్ళిద్దర్నీ కానూరులో తన అద్దె పోర్షన్‌కి తెచ్చుకుని, చేతనైనది చేశాడు. అతనికి చేతనైనది చెక్కపని. మంచం నుంచి బాత్‌రూం దాకా గోడ వెంబడి పట్టుకోవడానికి టేకు కడ్డీ బిగించాడు. చేతికి పేడు గుచ్చుకోకుండా దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది గాజులా చేశాడు. తండ్రి తేలిగ్గా లేవడానికి కుర్చీ కాళ్ళు పెంచాడు. తను షెడ్డుకీ, శాలిని టైలరింగు షాపుకీ వెళ్ళిన వేళల్లో తల్లి వీధిలోకి వెళ్ళిపోకుండా గేటుకి బయటి నుంచి తీసే గడియ పెట్టాడు. పక్క పోర్షన్ దుర్గ మధ్యమధ్యలో ఆ గడియ తీసి ఇద్దర్నీ చూసి వెళ్ళేది. అన్నీ కుదిరాయి. గుమ్మం ఒక్కటి కుదరలేదు.

గదికీ వరండాకీ మధ్య ఉన్న గడపే తండ్రికి అడ్డమవుతోందనుకున్నాడు. ఇంటి ఓనరుని బతిమాలి, గడప కోసి తీసేశాడు. ఆ చోటు సిమెంటుతో పూడ్చి, గోళీ పెడితే దొర్లకుండా నిలబడేంత సాపు చేశాడు. ఆరాక, "రా నాన్నా, ఇప్పుడు రా" అన్నాడు. దేవదానం గుమ్మం దాకా వచ్చి, లేని గడప ముందు ఆగిపోయాడు.

ఆ రోజు ఏలియా చాలాసేపు ఆ నేల మీదే కూర్చుండిపోయాడు. జబ్బుని మందులు నిదానం చేస్తాయే గానీ పోగొట్టవని గవర్నర్‌పేటలో నరాల డాక్టరు ముందే చెప్పాడు. డాక్టరు మాట అర్థమైంది. అర్థం కానిది దేవుడి సంగతే. తండ్రి కోసం అడిగాడు. తల్లి కోసం అడిగాడు. అతుకు కొట్టి విన్నట్టు, అడిగి చెవి పెట్టి విన్నాడు. ఏమీ వినపడలేదు.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక శనివారం మధ్యాహ్నం, షెడ్డులో ఉండగా శాలిని ఫోన్ చేసింది.

"ఏవండీ, సాయంత్రం మనింట్లో కృతజ్ఞత కూటమంట!"

"ఎవరింట్లో?"

"మనింట్లోనే! పాస్టరమ్మ గారు ఇప్పుడే ఫోన్ చేసి, చాపలు మేం తెస్తాం, కుర్చీలు మీరు చూసుకోండి అంటున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లా."

ఆరా తీస్తే తేలింది ఇది. పోయిన ఆదివారం ఏలియా తండ్రి దగ్గర ఇంట్లో ఉండిపోయాడు. శాలిని చర్చి పక్కగదిలో సండేస్కూల్ పిల్లలకి పాఠం చెబుతోంది. ప్రకటనలు చదివే వేళ సువార్తమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచి, "వచ్చే శనివారం పొద్దుగూకే ఏళకి మా ఇంట్లో కృతజ్ఞత కూటం. అందరూ రావాల, పిల్లల్ని కూడా తీసుకురండి" అని చెప్పి కూర్చుంది. ఆమెకి మతిమరుపని తెలిసినవాళ్ళు కూడా, అంత స్పష్టంగా చెప్పడం చూసి, కొడుకూ కోడలూ చెప్పించారనుకున్నారు.

కృతజ్ఞత కూటమంటే మామూలు ప్రార్థన కాదు. మేలు జరిగిన ఇంట్లోనే పెడతారు. పాటలూ వాక్యమూ అయ్యాక ఇంటి యజమాని లేచి, దేవుడు తమకి చేసిన మేలేమిటో అందరి ముందూ చెప్పాలి. అది లేకపోతే కూటమే లేదు.

"నేనేం చెప్పాలి?" అన్నాడు ఏలియా.

"అదే నేనూ అనుకుంటన్నా" అంది శాలిని.

చక్రి నిచ్చెన మీద నుంచే అంతా విన్నాడు. "ఏందన్నా, ఇంట్లో ఫంక్షన్ పెట్టుకుని మాకో మాట చెప్పవా? రంగులేసే చేతులు కుర్చీలు మొయ్యవా?"

"ఫంక్షన్ కాదురా. మా అమ్మ మర్చిపోయి పిలిచేసింది."

"మర్చిపోయి పిలవటం మానేస్తారు గానీ, మర్చిపోయి పిలుస్తారా ఎవరన్నా?" అంటూ చక్రి బ్రష్షు కిరోసిన్ డబ్బాలో పడేసి దిగాడు. "పద. ట్రాలీ ఆటో మాట్లాడతా."

ఏలియా ముందు అయ్యగారికి ఫోన్ చేశాడు. వాళ్ళ సంఘంలో పాస్టరుగారిని అలాగే పిలుస్తారు. జరిగిందంతా ఆయనకి చెప్పాడు.

"పొరపాటు నాదే బాబూ. నిన్నొక మాట అడగాల్సింది. ఆపేద్దామంటే ఇప్పుడే అందరికీ మెసేజ్ పెడతాను. తప్పేం లేదు."

"మరి అమ్మకేం చెబుతారండి?"

"అది మాత్రం నువ్వే చెప్పాలి."

ఏలియా ఇంటికి వచ్చేసరికి సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, వరండాలో కూర్చుని ఉంది. చర్చికి కట్టుకునే చీర అది. ఎవరూ తీసివ్వకుండా ఆమె బట్టలు ఆమె తీసుకుని కట్టుకుని ఎంతకాలమైందో.

"అమ్మా, ఈ కూటం దేనికి పిలిచావు?"

"మీ నాన్న నడుస్తన్నాడుగా."

"ఎక్కడ నడుస్తన్నాడమ్మా? పొద్దున గుమ్మం దగ్గర ఆగిపోతే నేనేగా ఎత్తి దాటించింది!"

"నడుస్తన్నాడు" అంది ఆమె, పసివాడికి చెప్పినట్టు. "నడిస్తే స్తోత్రం చెప్పుకోవద్దా? అన్నం తిని చెయ్యి కడుక్కోనట్టు ఉంటది."

ఆమె కళ్ళ ముందు ఏనాటిదో కాలవ గట్టూ, దాని మీద గొడుగేసుకుని నడిచే లస్కరూ ఉన్నారనుకున్నాడు ఏలియా. లోపల మంచం మీద నుంచి దేవదానం ఏదో అన్నాడు. "ఏంటి నాన్నా?" అని ఏలియా వరండాలోంచే అడిగి, జవాబు కోసం ఆగకుండా కుర్చీలు దించడానికి వెళ్ళిపోయాడు.

కూటం ఆపేయమని చెప్పలేకపోయాడు. ఆ తెల్లచీర చూశాక నోరు రాలేదు. కానీ లేని మేలు ఉందని చెప్పేది లేదని కూడా అనుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు లేచి, ఉన్న సంగతి చెప్పి, అందరికీ దండం పెట్టేయాలి. తల్లి పరువు పోతుంది. పోకుండా చెప్పే దారి ఏదైనా ఉందా అని, కుర్చీలు వేస్తున్నంతసేపూ వెతికాడు. దొరకలేదు.

పొద్దుగూకేసరికి వాకిలి నిండింది. శాలిని బూందీ పొట్లాలు తెప్పించింది. దుర్గ పెద్ద టీ గిన్నె ఇచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కుని గేటు పక్కన కూర్చుంది. ప్రతి శుక్రవారం కొండెక్కి అమ్మవారిని చూసొచ్చే మనిషి. "మీ పాటలు బాగుంటయ్యి, వింటా" అంది. చక్రి కుర్చీలు సర్దడం అయిపోయినా వెళ్ళకుండా ఆమె వెనకే నిలబడ్డాడు.

పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం చదివారు. తర్వాత పుస్తకం మూసి, ఏమీ అడగకుండా, ఏలియా వైపు నెమ్మదిగా చూశారు.

ఏలియా లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అందరికీ వందనాలండి. మా అమ్మ పిలిచింది, మీరు ప్రేమగా వచ్చారు. కానీ ఒక మాట చెప్పాలి. మా అమ్మకి ఈమధ్య..."

తల్లి మొహం చూసి చెప్పాలని ఆడవాళ్ళ వైపు తిరిగాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడు లోపలి గదిలోంచి పాట వినిపించింది.

"గట్టెంబడి వస్తన్నాడు, ఎవరమ్మా ఆయన?
బురద కాళ్ళు కడుగుతాడు, ఎవరమ్మా ఆయన?"

సన్నని ముసలి గొంతు. మొదటి మాట దగ్గర కాస్త జీరపోయి, తర్వాత నిలదొక్కుకుంది. గేటు దగ్గర దుర్గ చటుక్కున కుర్చీలోంచి లేచింది. "ఇదే పాట! రోజూ మధ్యాన్నం ఇదే!"

పాట మళ్ళీ మొదలైంది. ఈసారి "ఎవరమ్మా ఆయన" అన్న చోట రెండో గొంతు కలిసింది. బొంగురుగా, తడబడుతూ, అయినా వాకిట్లోకి వినపడేంత పెద్దగా. ఏలియా తండ్రి గొంతు అంత గట్టిగా విని ఏడాది దాటింది.

గుమ్మంలో ముందు కనపడింది సువార్తమ్మ వీపు.

ఆమె తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి దోపుకుంది. మడిలోకి దిగినట్టు కొంచెం వంగి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వస్తోంది. నాట్లు వేసేవాళ్ళు ముందుకి నడవరు. నాటిన మొక్కని తొక్కకుండా వెనక్కే జరుగుతారు. ఆ కాళ్ళు ఎన్నో వానాకాలాలు అలా వెనక్కి నడిచాయి, వెనక ఏముందో చూడకుండా, పాట ఎక్కడ అడుగు వెయ్యమంటే అక్కడ. ఇప్పుడు ఆమె చాచిన చేతుల్లో దేవదానం రెండు చేతులూ ఉన్నాయి. పాటలో దెబ్బ పడ్డ చోట ఆమె ఒక అడుగు వెనక్కి, ఆయన ఒక అడుగు ముందుకి.

దేవదానానికి గుమ్మం దగ్గరపడింది. పట్టుకోవడానికి ఏలియా చేతులు ముందుకు వెళ్ళాయి, కాళ్ళు మాత్రం కదలలేదు.

పాట ఆగలేదు. ఆమె అడుగు ఆగలేదు. ఆయన అడుగూ ఆగలేదు. గడప లేని గుమ్మం దాటి దేవదానం వరండాలోకి, జనం మధ్యలోకి, వెలుతురులోకి వచ్చాడు.

వాకిట్లో ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక వరసలో ఒకప్పుడు నాట్లకి పోయిన ముసలామె ఎవరో, "ఎవరమ్మా ఆయన" అని వంత అందుకుంది. పక్కామె అందుకుంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. మగవాళ్ళు లేచి నిలబడ్డారు, ఎందుకు లేచారో వాళ్ళకీ తెలియదు. చక్రి తలకి కట్టుకున్న రంగు గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఏలియా చూస్తూనే ఉన్నాడు. ఆమెకి కోడలి పేరు గుర్తులేదు, ఇవాళ ఏ వారమో తెలియదు. ఆయన కాళ్ళు ఆయన మాట వినవు. ఒక చెక్కలో తొలిచేసిన చోటే రెండో చెక్క వచ్చి కూర్చుంటుంది. అది అతను రోజూ చేసే పని. ఈ అతుకు మాత్రం అతను వేసింది కాదు. ఇంత బిగువైనది అతను ఎన్నడూ వేయలేదు కూడా.

తండ్రిని కాళ్ళు పెంచిన కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు.

"ఎప్పటి నుంచి నాన్నా?"

"గడప తీసేసి నువ్వు నేల మీద కూర్చుండిపోయావు చూడు, ఆ మర్నాటి నుంచి. మీ అమ్మ వచ్చి చేతులు పట్టుకుంది."

"మరి చెప్పలేదే?"

"చెప్తానే ఉన్నా. నువ్వు ఆ గదిలోంచి ఏంటి నాన్నా అంటావు, పోతావు."

ఏలియా తల దించుకున్నాడు. ముసలాయన ఇంకా ఏదో చెబుతున్నాడు. వింటూ వింటూ ఏలియా మొహంలోకి నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి, "ఈ పాట ముందు ఆయన మీదే కట్టిందంట అమ్మ" అని అందరికీ చెప్పాడు. "లస్కరు గట్టు మీద వస్తన్నాడని ఎగతాళికి. పెళ్ళయ్యాక మాట మార్చి ప్రభువుకి ఇచ్చేసిందంట. నాన్న ఏమీ అనలేదంట, పోయింది పెద్దాయనకే కదా అని."

వాకిలంతా నవ్వింది. దుర్గ కళ్ళు ఒత్తుకుంటూ, "పాట వినపడితే టీవీ అనుకున్నానమ్మా. ఒకసారి తొంగి చూస్తే ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడున్నారు. ముసలాళ్ళ ముచ్చట మనకెందుకులే అని గడియేసి వచ్చేశా!" అంది. ఈసారి అయ్యగారు కూడా పైకే నవ్వారు. నవ్వులు తగ్గాక, "ఏలియా, నీ మాట సగంలో ఉంది" అన్నారు.

ఏలియా తండ్రి కుర్చీ మీద చెయ్యి వేసి లేచాడు.

"మా నాన్నకి జబ్బు తగ్గలేదండి. అమ్మకీ తగ్గలేదు. తగ్గదని డాక్టరు గారు చెప్పారు, తగ్గిందని నేను చెప్పను." గుమ్మం వైపు చూశాడు. "నాకు చేతనైనదంతా చేశాను. గుమ్మం దగ్గర నా వల్ల కాలేదు. ఎందుకు వినపడవు అని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు, లోపలి గదిలో, నేను పనికి పోయిన టైములో. మా అమ్మ చెప్పింది, నాన్న చెప్పాడు. నేనే వినలేదు. అంతేనండి. దేవుడికి స్తోత్రం."

అన్ని మాటలు అతని నోట ఒక్కసారిగా రావడం శాలిని కూడా ఎరగదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

టీలయ్యాయి. దేవదానం అలిసిపోయాడు, లోపలికి తీసుకెళ్ళాలి. కానీ సువార్తమ్మ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. "నాకు ఆయాసంగా ఉంది. ఇందాక మాట్లాడాడే, ఆ అబ్బాయెవరో మంచివాడులా ఉన్నాడు. అతన్ని పట్టుకోమనండి" అంది.

దేవదానం పెదాలు కదిపాడు. ఈసారి అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు కాబట్టి అందరికీ వినపడింది. "మనోడేలే."

ఏలియా తండ్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. వణుకు అతని మోచేతుల దాకా పాకింది. పాట ఎత్తుకున్నాడు. గొంతు గరుకుగా ఉంది, మాటలు సగమే వచ్చు. వాకిట్లోవాళ్ళు వంత అందించారు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తండ్రి పాదం ముందుకి వచ్చింది. ఇంకో అడుగు. ఇంకోటి. గుమ్మం వెనకెక్కడో ఉంది. తగులుకుని పడితే ఇద్దరూ పడతారు. మెడ తిప్పి వెనక్కి చూశాడు. పాట తెగింది. దేవదానం కాళ్ళు నేలకి అంటుకుపోయాయి.

"వెనక్కి చూడమాకు!" కుర్చీలోంచి సువార్తమ్మ గట్టిగా అరిచింది. నాట్లలో కొత్తగా దిగిన పిల్లని గదమాయించే గొంతు అది. "మడి యాడికీ పోదు. ఆయన మొహం చూడు!"

ఏలియా మొహం ఇటు తిప్పాడు. తండ్రి మొహం ఇంత దగ్గరగా చూసి ఎంతకాలమైందో. బిగుసుకుపోయిన ఆ మొహంలో కళ్ళు మాత్రం కదులుతున్నాయి, అతని వైపే చూస్తున్నాయి. ఏలియా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు, ఈసారి పెద్దగా.

"గట్టెంబడి వస్తన్నాడు..."

"ఎవరమ్మా ఆయన?" అంది వాకిలి.

అతను చూడకుండా వెనక్కి అడుగు వేశాడు. మడమ కింద తను సాపు చేసిన నేల చల్లగా తగిలింది. ఎదురుగా తండ్రి పాదం లేచింది.